గిరాకీ అన్న మాట

హృదయంలో నమ్మితే చాలదు, నోటితో ఒప్పుకోవాలి అని బైబిలు వాక్యంలో ఉంది. పదేళ్లుగా నాకున్న అనుమానం దీని మీదే. గుండెలో ఏముందో దేవుడికి కనపడుతూనే ఉంటుంది కదా, మళ్లీ నోటితో పనేమిటి? నోరు మనుషుల కోసం. నేను మనుషులకు చెప్పకపోతే దేవుడికి వచ్చే నష్టమేమిటి? ఒకసారి ధైర్యం చేసి మా పాస్టరు గారినే అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "దేవుడికేం నష్టం ఉండదండి. పక్కవాడికి ఉంటుందేమో," అన్నారు. అది నాకు జవాబులా అనిపించలేదు. తప్పించుకున్నారు అనుకున్నాను.

నా పేరు మార్కండేయులు. మాది పోచంపల్లి పక్కన పల్లె. పద్మశాలీలం. పదో తరగతి తప్పి, ఎనిమిదేళ్లు మగ్గం నేసి, అది కూడు పెట్టక పట్నం వచ్చాను. మా అక్కను చేసుకున్న విజయ్‌కుమార్ బావకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు ఉంది. అందులోనే చేరాను, ఇప్పటికీ అందులోనే ఉన్నాను. సరూర్‌నగర్‌లో అక్కావాళ్ల వెనక గల్లీలో కిరాయికి ఉంటాం. బావ మా కులసంఘానికి కార్యదర్శి. మనిషి మంచివాడే. కోపం వస్తే మాత్రం అరవడు, మాట్లాడటం మానేస్తాడు. ఒక్కోసారి నెలల తరబడి.

2004 వానాకాలంలో మా బిడ్డ స్పందనకు పచ్చకామెర్లు ముదిరి తొమ్మిది రోజులు దవాఖానలో ఉంది. పక్క మంచం మీదున్న ముసలమ్మను చూడటానికి రోజూ సాయంత్రం ఒకాయన వచ్చేవారు. తెల్ల చొక్కా, చేతిలో రొట్టె ప్యాకెట్టు, రాజమండ్రి వైపు మాట. ముసలమ్మ కోసం ప్రార్థన చేసి, వెళ్తూ వెళ్తూ మా దగ్గర ఆగి, "పాపకి కూడా చేయమంటారా అండి?" అని అడిగేవారు. మేం మాట్లాడకపోతే ఊరికే వెళ్లిపోయేవారు. మూడో రోజు నా భార్య భూలక్ష్మే చేయమంది. మందులకు తగ్గిందో, ప్రార్థనకు తగ్గిందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ తొమ్మిది రోజుల్లో మా బిడ్డ కోసం కళ్లు మూసుకుని నిలబడిన బయటి మనిషి ఆయనొక్కరే. ఆయనే మా పాస్టరు త్రినాథరావు గారు. మేం అయ్యగారు అంటాం.

ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఒక హార్డ్‌వేర్ దుకాణం పైన, రెండో అంతస్తులో పెద్ద గది. అదే ఆయన చర్చి. మా ఇంటికి దూరం, అందుకే మాకు అనువు. ఆదివారం షాపులో పని ఎక్కువ కాబట్టి పొద్దున ఆరున్నర ఆరాధనకు పోయి, తొమ్మిదిలోపు వచ్చేసేవాళ్లం. బైబిలును చీర కవరులో పెట్టి, దాన్ని షాపు క్యారీబ్యాగులో పెట్టుకునేవాణ్ణి. భూలక్ష్మి మెట్ల మలుపులో ఆగి బొట్టుబిళ్ల తీసి బైబిలు అట్ట లోపల అంటించేది. దిగేటప్పుడు మళ్లీ నొసట పెట్టుకునేది. రెండేళ్లకు, ఒక మంగళవారం ఎవరూ లేనప్పుడు, డాబా మీది తొట్టిలో బాప్తిస్మం తీసుకున్నాం. అప్పటి నుంచి అయ్యగారికి నేను మార్కు.

శ్రావణ పున్నమికి మాత్రం బావ కారులో ఊరికి పోయి అందరితో పాటు కొత్త జంధ్యం వేసుకునేవాణ్ణి. మా కులంలో అది తప్పదు. తర్వాతి ఆదివారం పల్చటి చొక్కాలోంచి అది కనపడుతుందేమోనని చర్చిలో చేతులు పైకెత్తేవాణ్ణి కాదు. "తీసేయమంటారా అండి?" అని ఒకసారి అడిగాను. "నేను చెప్తే తీస్తే, అది నేను తీసినట్టవుతుంది. బరువైన రోజు మీరే తీస్తారు," అన్నారు అయ్యగారు. నాకు బరువు కాలేదు. నూలుపోగు బరువెంత?

ఇట్లా ఏడేళ్లు గడిచాయి. తెలంగాణ ఉద్యమం ముదిరాక నా రెండు బతుకులు నాలుగయ్యాయి. ఆ చర్చిలో ఇక్కడివాళ్లం మేమిద్దరమే. మిగతా నలభై మందీ కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. వాళ్లలో భానుమూర్తి గారని బ్యాంకు ఉద్యోగి, చర్చి పెద్ద. ఆయన ప్రార్థనకు లేస్తే, "ప్రభువా, ఈ రాష్ట్రం ముక్కలు కాకుండా కాపాడు తండ్రీ," అనేవాడు. అందరితో పాటు నేనూ ఆమేన్ అనేవాణ్ణి. మర్నాడు బావ పక్కన ఊరేగింపులో జై తెలంగాణ అనేవాణ్ణి. తెలంగాణ రావాలని నాకు నిజంగానే ఉండేది. ఆ ఆమేన్ ఎందుకన్నానో మాత్రం చెప్పలేను.

"ఐతారం దేవునికి ఒకటి చెప్తవ్, సోమారం రోడ్డు మీద ఇంకోటి ఒర్లుతవ్. ఆయన ఏది పట్టుకోవాలె?" అని భూలక్ష్మి వెక్కిరించింది.

"నువ్వు గూడ అన్నవ్ గదా ఆమేన్!"

"నేను లోపట్నే చెప్పుకున్న. మూర్తి సారు మాట ఇనకు ప్రభువా, ఆమేన్ అని."

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. ఎల్బీనగర్‌లో ఎవరో కుర్రాళ్లు మా చర్చి బోర్డు మీద రంగుతో 'ఆంధ్రోళ్ల చర్చి' అని రాశారు. ఆ బిల్డింగు ఓనరు జానయ్య. నల్లగొండ నుంచి వచ్చి లారీలతో పైకొచ్చినవాడు, మీర్‌పేట్‌లో ఉంటాడు. లారీ ఓనర్ల తరఫున ఉద్యమంలో ముందుండి తిరుగుతున్నాడు. తన బిల్డింగు మీదే ఆ రాత చూసేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది. నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు.

ఆ ఆదివారం మేం నడిచే వెళ్లాం. ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు.

"మార్కు గారూ, జానయ్య గారు ఒకటే అడుగుతున్నారండి. మీ దాంట్లో లోకల్ మనిషి ఒక్కడున్నా తీసుకురా, కుర్రాళ్లకి నేను సర్దిచెప్పుకుంటాను అంటున్నారు. మీరొచ్చి ఒక్కమాట చెప్తే మనకీ గది నిలుస్తుంది. మీ ఇబ్బంది నాకు తెలుసు. కుదరదంటే కుదరదనండి, నేనేం అనుకోను."

కుదరదని అప్పుడే అనాల్సింది. "బుధవారం నేనే మీర్‌పేట్ పోయి ఆయనకు చెప్తానండి," అన్నాను. ఆయన ముఖం ఎంత తేలికపడిందో!

బుధవారం పోయాను కూడా. జానయ్య ఉండే గల్లీ మొదట్లో ఒక హోటలు ఉంది. అందులో కూర్చుని చాయ్ తాగాను. జానయ్యకు తెలిస్తే ఉద్యమం వాళ్లందరికీ తెలుస్తుంది. వాళ్లకు తెలిస్తే బావకు తెలుస్తుంది. బావకు తెలిస్తే షాపు లేదు, ఊరు లేదు, అక్క గడప లేదు. ఇంకో చాయ్ తాగాను. నాలుగిళ్ల అవతల ఆయన గేటు కనపడుతూనే ఉంది. లేచి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్ దీక్ష టెంటులో మా కులసంఘం వంతు. రోజుకో కులం కూర్చుంటోంది. కుమ్మరివాళ్ల రోజున నడిరోడ్డు మీద సారె తిప్పారు, మంగలివాళ్ల రోజున అక్కడే గడ్డాలు గీశారు. మనం మగ్గం పెట్టాలని బావ పట్టుబట్టాడు. ఊరి నుంచి ఫ్రేము మగ్గాన్ని విప్పి, డీసీఎం వ్యానులో తెచ్చి, రోడ్డు మీద బిగించారు. తీరా చూస్తే సంఘంలో నేయడం వచ్చినవాడు లేడు. అందరూ షాపులవాళ్లూ, ఉద్యోగాలవాళ్లూ. ఇన్నేళ్ల తర్వాత నన్ను మగ్గం మీద కూర్చోబెట్టారు. జంధ్యం కనపడాలని బావ చొక్కా, బనీను విప్పించాడు. మెడలో కండువా వేశాడు.

"జర చిన్నగ నెయ్యి బామ్మర్దీ," అని చెవిలో చెప్పాడు. "టీవీ వాళ్లు పగటీలి అన్నాలయినంక వస్తరట. గప్పటిదాక పడుగు అయిపోవద్దు."

పేక దారం మోసే నాడె అటూ ఇటూ పోతుంటే చేతులకు పాత పని గుర్తొచ్చింది. అబద్ధం చెప్పను, సంతోషంగానే ఉంది.

పదకొండింటికి జానయ్య మద్దతు చెప్పడానికి వచ్చాడు. ఆయన వెనకే అయ్యగారు. పొద్దున్నుంచి ఆయన వెంట తిరుగుతున్నట్టున్నారు, తెల్ల చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. గడువు మర్నాటితో అయిపోతుంది.

"ఏం ఫాదర్ సాబ్, గీడికి గూడ వస్తివి?" అన్నాడు జానయ్య విసుగ్గా. "నేనేమన్న అడగరానిది అడిగిన్నా? నలభై మందిల ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, లోకలోన్ని చూపియ్యమన్న. చూపియ్యకపోతివి."

"ఉన్నారండి. వస్తానన్నారు, ఏదో పని పడుంటుంది. ఇంకొక్క వారం టైమివ్వండి," అంటూ అయ్యగారు తలెత్తారు. అప్పుడు నన్ను చూశారు. కండువాను చూశారు, జంధ్యాన్ని చూశారు. పేరు పెట్టి పిలవలేదు. చేయి ఎత్తలేదు. చూశారు, అంతే.

బావకు ఆ చూపు దొరికింది. "గీయనేంది మావాన్నే చూస్తుండు? నీకు ఎర్కనా మార్కండేయులూ?"

నాడె ఆగింది. టెంటులో మావాళ్లు ముప్పై మంది ఉన్నారు. జానయ్య కూడా నావైపు తిరిగాడు. ఆయన అడుగుతున్న మనిషిని నేనే. ఒక్క మాట అంటే ఆ గది ఉంటుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చిందని చెప్పుకుంటే నాకు బాగుంటుంది. రాలేదు.

"గిరాకీ," అన్నాను. "అప్పుడప్పుడు షాపుకొస్తడు."

"గిరాకీనా?" జానయ్య అయ్యగారి వైపు చూశాడు. "చీరలు కొంటవా ఫాదరూ నువ్వు?"

అయ్యగారు "అవునండి," అన్నారు. "మా ఆవిడకి. అక్కడే తీసుకుంటాం."

ఆవిడకున్నవే నాలుగు తెల్ల చీరలు. నాకు ఇబ్బంది అవుతుందని ఆయన మా షాపు మెట్లు ఏనాడూ ఎక్కలేదు. అబద్ధం ఆడకూడదని నాకు నేర్పిన మనిషి చేత, నడిరోడ్డు మీద, నేను అబద్ధం ఆడించాను.

"మంచిగనే ఇస్తుండా మా బామ్మర్ది? రేటు ఎక్కువ గుంజుతలేడు గదా?" బావ నవ్వాడు. అందరూ నవ్వారు.

"బాగానే ఇస్తారండి," అని అయ్యగారు అందరికీ నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

నేను నేస్తూనే ఉన్నాను. యేసును ఎరగనన్న పేతురుకు కోడి కూసింది. నాకు మూడు గంటలకు టీవీ వాళ్లు వచ్చారు. వార్తల్లో కనపడ్డావని సాయంత్రం ఊరి నుంచి ఫోన్ల మీద ఫోన్లు.

ఇంటికి పోయి భూలక్ష్మికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె ఏడుస్తుంది అనుకున్నాను. అన్నం గిన్నె ఠపీమని కింద పెట్టింది.

"లోకలోడు కావాలంటే నువ్వొక్కనివేనా? నేను లోకల్ కాదా? నేను భువనగిరిల పుట్టలేదా?"

"అయ్యగారు నన్నడిగిండు..."

"ఆయన నిన్నడిగిండు. నువ్వు నన్నడిగినవా? బుధారం నీకు చాతగాకుంటే ఇంటికొచ్చి చెప్పకపోతివి. నేను పోయి చెప్పకపోదునా? నీ నోరు మూసుకున్నవు సరే, నా నోరు గూడ నువ్వే మూస్తివి."

ఏడేళ్లుగా ఆమె బొట్టుబిళ్ల తీసి పెట్టుకోవడం నా భయం కోసమేనని ఆ రోజు దాకా నాకు తట్టలేదు. తనకూ భయమే అనుకున్నాను.

శుక్రవారం చాపలు, హార్మోనియం, ప్రసంగాల బల్ల ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని అయ్యగారు ఖాళీ చేశారు. ఆ నలభై మంది తలా ఒక చర్చికి పోయారు. భానుమూర్తి గారు వనస్థలిపురంలో ఏసీ ఉన్న చర్చి చూసుకున్నారట. అయ్యగారు బాటసింగారంలో పొలాల పక్కన ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, కూలీ జనానికి వాక్యం చెప్పుకుంటూ అక్కడే ఉండిపోయారు.

నేను పోలేదు. వేరే చర్చికి కూడా పోలేదు. ఇంట్లో కళ్లు మూసుకుంటే మాట వచ్చేది కాదు. నాకు నామీదే కాదు, ఆయన మీద కూడా కోపంగా ఉండేది. ఒక్కసారి తిట్టి ఉంటే సగం తీరేది కదా! తిట్టలేదు సరికదా, అవునండి అన్నారు. మనిషి అంత మంచిగా ఉంటే పక్కవాడు ఎట్లా బతకాలి? దేవుడి మీద కూడా విసుగు వచ్చేది. నా గుండె నీకు కనపడుతుంది కదా, మరి ఇంత బాధ ఉన్నట్టు కనపడటం లేదా అని అడిగేవాణ్ణి. కనపడే ఉంటుంది. ఏం చేయాలో కూడా నాకు తెలుసు. అదే నా విసుగు.

భూలక్ష్మి మాత్రం నెలకోసారి, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు బల్ల ఆదివారం నాడు, హయత్‌నగర్‌లో పెద్దమ్మ బిడ్డను చూడబోతున్నానని అక్కకు చెప్పి బాటసింగారం పోయేది. వచ్చాక నేను చుట్టూ తిరిగేవాణ్ణి.

"అయ్యగారు నా గురించి అడిగిండా?"

"అడిగిండు."

"ఏం చెప్పినవ్?"

"షాపుల గిరాకీ బాగున్నదని చెప్పిన," అని వంటింట్లోకి పోయేది.

2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన సాయంత్రం మా షాపు షట్టరు సగం దించి, లోపల అందరం బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం. లైన్లు దొరకని ఆ గంటలో నా ఫోను మోగింది. అయ్యగారు. "షాపులో అందరూ క్షేమమేనా అండి? మీ బావగారూ?" అన్నారు. "బాగున్నమండి, అందరం బాగున్నం," అన్నాను. "ఎవరు?" అని బావ అడిగాడు. నా నోరు దానంతట అదే, "గిరాకీ," అంది. అప్పటికి ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. "దేవుడు కాపాడాడు. ఉంటానండి," అని పెట్టేశారు.

ఆ తర్వాత ఏడాది ఫిబ్రవరిలో ఢిల్లీలో తెలంగాణ బిల్లు పాసయింది. పట్నమంతా పటాకులు, రంగులు. ఆ వారంలోనే జానయ్య మా షాపుకు వచ్చాడు. కాలనీ ఆడవాళ్లకు పంచడానికి నలభై చీరలు కావాలట. బావ కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, పక్కన కూర్చున్నాడు. నేను చీరలు విప్పి చూపిస్తున్నాను.

"మీ ఎల్బీనగర్ బిల్డింగుల ఏం నడుస్తుందన్నా ఇప్పుడు?" మాటల్లో బావ అడిగాడు.

"పైన జిమ్ము పెట్టిండ్రు. పరేషాన్ చేస్తుండ్రు గాడిద కొడుకులు. దబదబ గుండ్లు పడేస్తరు, కిరాయి పదిహేనో తారీఖు దాక ఇయ్యరు. అంతకుముందు ఆంధ్ర ఫాదరుండె గదా, ఒకటో తారీఖు పొద్దుగాల్నే మీర్‌పేట్ తెచ్చి చేతుల పెట్టేటోడు." చాయ్ ఊదుకుని తాగాడు. "గని మనిషి అబద్ధాలోడు. లోకలోడు ఉన్నడు, వస్తడు, ఇయ్యాల వస్తడు, రేపు వస్తడు అని నాలుగు దినాలు తిప్పిండు నన్ను. ఎవడు లేడు, పాడు లేడు. దేవుని పేరు చెప్పుకునేటోళ్లు గూడ ఉత్త ఝూటా మాటలు!"

"నిజమే," అన్నాడు బావ.

నా చేతిలో చీర మడత సగంలో ఆగిపోయింది. ఇన్నేళ్లూ అయ్యగారి గది పోయిందనే అనుకున్నాను. ఆయన మాట కూడా పోయిందని నాకు తెలియదు.

"ఆయన అబద్ధాలోడు కాదు," అన్నాను.

ఇద్దరూ నావైపు చూశారు. కౌంటరు పట్టుకున్నాను.

"లోకలోడు ఉండె. నేనుంటి. నేనూ, నా భార్యా. ఏడేండ్లు మీ బిల్డింగు మెట్లు ఎక్కి దిగినం. బుధారం వచ్చి మీకు చెప్త అన్నది నేనే. మీ గల్లీ దాక వచ్చి, చాయ్ తాగి మర్లిపోయిన."

జానయ్యకు అందడానికి కొంచెంసేపు పట్టింది. "గా టెంటు కాడ మగ్గం మీదున్నది నువ్వే గదా? జంధ్యం ఏసుకోని?"

"నేనే."

"మరి గిరాకీ అంటివి?"

"గిరాకీ కాదు. మా పాస్టరు. నేను బాప్తిస్మం తీసుకున్నోణ్ణి. ఆయన ఎన్నడు ఈ షాపుకు రాలే, ఒక్క చీర కొనలే. నా ఇజ్జత్ పోతదని నా మాటకు అవునన్నడు."

"అరె, గప్పుడే చెప్తే అయిపోవు గదవయ్యా!" జానయ్య తొడ మీద కొట్టుకున్నాడు. "నేను ఒక్కమాట అంటే గా పోరగాళ్లే బోర్డు తుడుస్తుండ్రి. పాపం, నా ఎనక ఎంత తిరిగిండు మనిషి! ఇప్పుడు చెప్తే ఏమొస్తది? జిమ్మోళ్లకు అగ్రిమెంటు రాసిచ్చిన."

"రూము కోసం చెప్తలేను. ఆయన ఝూటా మనిషి కాదని చెప్తున్న."

బావ అరవలేదు. కుర్చీలోంచి లేచాడు. "మీ అక్కకు ఎర్కనా?" అన్నాడు.

"లేదు బావా."

"భూలక్ష్మికి?"

"నాకన్న ముందే నమ్మింది."

"అక్కకు నువ్వే చెప్పుకో. నేను చెప్ప," అని బావ పోయి గల్లా దగ్గర కూర్చుని, మాకు వీపు తిప్పాడు. ఇక ఎన్ని నెలలు మాట్లాడడో తెలియదు. ఈ నెలాఖరు తర్వాత నాకు ఇక్కడ పని ఉంటుందో లేదో కూడా తెలియదు.

జానయ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీ ఇంటి ముచ్చట మీరు చూస్కోండ్రి. నా చీరలు కట్టియ్యి," అన్నాడు. కట్టాను. మూట పక్కన పెట్టుకుని ఏదో ఆలోచించి, "గా ఫాదరు నంబరున్నదా?" అన్నాడు.

"ఉన్నది."

"కలిపియ్యి."

కలిపి ఇచ్చాను.

"ఫాదర్ సాబ్, నేను జానయ్యను. ఎల్బీనగర్ జానయ్య. ఆఁ, మంచిదే. ఏం లేదు, నీ లోకలోడు దొరికిండు. చీరల షాపుల ఉన్న. ఆఁ, చెప్పిండు. నేనడగలే, ఆయననే చెప్పిండు, వాళ్ల బావ ముంగటనే. నువ్వు నాతోని అబద్ధమాడలే అప్పుడు. నేనే తప్పనుకున్న."

అవతల ఏమన్నారో నాకు వినపడలేదు. జానయ్య రెండుసార్లు "సరే, సరే" అని ఫోను కట్ చేయకుండానే నా చేతిలో పెట్టి, చీరల మూట భుజానికెత్తుకుని మెట్లు దిగాడు.